పొరుగింటి ప్రజాస్వామ్యం – చిన్న దేశాల పాత్ర

క్రిందటి సంవత్సరం మన కళాశాలలో జరిగిన వక్తృత్వ పోటీలో "ప్రపంచ రాజకీయాలలో చిన్న దేశాలకు స్థానం లేదు" అనే విషయంపై నేను అనుకూలంగా మాట్లాడాను. "ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరుగుతాయి" అని మా ఊళ్ళో అనుకొనే సామెతతో మొదలుపెట్టి, చివరిదాకా అదే ధోరణిలో లాక్కొచ్చాను. చప్పట్లు బాగానే పడ్డాయి. రెండో బహుమతి కూడా ఇచ్చారు. సభ అయిపోయాక రాజనీతి శాస్త్రం మేష్టారు ఒకరు వరండాలో నన్ను ఆపి, "బాగా మాట్లాడావోయ్. కోస్టారికా అన్న పేరు ఎప్పుడైనా విన్నావా?" అని అడిగారు. విన్నానండి అన్నాను. నిజానికి వినలేదు. ఆయనకూ ఆ సంగతి తెలిసిపోయింది. "సెలవుల్లో చదువు" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

చదివాను. రసాయనశాస్త్రం చదివేవాడికి ఈ రాజకీయాలెందుకురా అని లాబ్‌లో మిత్రులు ఎగతాళి చేసినా చదివాను. ఈ వ్యాసం ఒక విధంగా ఆ ఉపన్యాసానికి నేను రాసుకొంటున్న తప్పొప్పుల పట్టిక.

ముందుగా ప్రశ్న ఏమిటో చెప్పుకొందాం. ఒక దేశం నియంతృత్వం నుంచో, ఏకపక్ష పాలన నుంచో, అంతర్యుద్ధం నుంచో బయటపడి ఎన్నికలకు, పత్రికా స్వేచ్ఛకు, ఓడిపోయినవాడు మాట్లాడకుండా గద్దె దిగే సంప్రదాయానికి మారడాన్ని ప్రజాస్వామ్య పరివర్తన అంటారు. ఆ మార్పు తెచ్చేది ప్రధానంగా ఆ దేశ ప్రజలే. అయితే బయటివాళ్ళ చెయ్యి కూడా ఉంటుంది. బయటివాళ్ళు అనగానే మనకు గుర్తొచ్చేవి సైన్యాలు, అప్పులు, ఆంక్షలు. అంటే పెద్ద దేశాలు. ఇవేవీ లేని చిన్న దేశం పొరుగుదేశపు మార్పులో ఏం చెయ్యగలదు? ఏమీ చెయ్యలేదని ఆ రోజు బల్ల గుద్ది చెప్పాను. ఆ బల్ల ఇంకా మన సభాభవనంలోనే ఉంది.

పటం తీసి చూడండి. ఉత్తర, దక్షిణ అమెరికాలను కలుపుతూ సన్నని మెడలాంటి నేల ఒకటి ఉంటుంది. అదే మధ్య అమెరికా. అందులో దక్షిణపు కొసకు దగ్గరగా కోస్టారికా. వైశాల్యం 51,100 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్‌లో మూడో వంతుకు కూడా రాదు. 1980 దశకంలో జనాభా ముప్ఫై లక్షల లోపే. కాఫీ, అరటి పండించుకొని బతికే దేశం. దీనికి సైన్యం లేదు. ఎప్పుడూ లేదని కాదు, వద్దనుకొని తీసేసుకొన్నారు. 1948లో ఎన్నికల ఫలితాన్ని రద్దు చేస్తే అంతర్యుద్ధం వచ్చింది. నలభై నాలుగు రోజులు సాగి, సుమారు రెండు వేలమంది చచ్చిపోయారు. గెలిచిన పక్షం నాయకుడు హోసే ఫిగెరెస్. గెలిచినవాడు సైన్యాన్ని తన చేతిలో పెట్టుకోవడం లోకం పోకడ. ఈయన మాత్రం 1948 డిసెంబరు 1న రాజధాని శాన్ హోసేలోని బెల్లావిస్టా సైనిక శిబిరానికి వెళ్ళి, గోడ మీద సమ్మెటతో కొట్టి, సైన్యం రద్దయిందని ప్రకటించాడు. ఆ భవనాన్ని జాతీయ ప్రదర్శనశాలకు ఇచ్చేశారు. 1949 రాజ్యాంగం 12వ అధికరణంలో ఆ మాటే రాసుకొన్నారు. ఆ రాజ్యాంగంతోనే ఆడవాళ్ళకూ ఓటు వచ్చింది. ఆ 1949లోనే ఫిగెరెస్, 1948 ఎన్నికలలో గెలిచిన ఒటీలియో ఉలాతే అనే ఆయనకు అధికారం అప్పగించి ఇంటికి వెళ్ళాడు.

సైన్యం లేనివాడి మాట ఎవడు వింటాడు అని నేనూ అనుకొన్నాను. చదువుతూపోతే తెలిసింది, ఇక్కడ కిటుకే అది. ఆ చుట్టుపక్కల కోస్టారికా అంటే భయపడే దేశం ఒక్కటి లేదు.

ఇక పొరుగు సంగతి. కోస్టారికాకు ఉత్తరాన నికరాగువా. అక్కడ సొమోజా కుటుంబం నలభై ఏళ్ళకు పైగా దేశాన్ని సొంత కమతంలా ఏలింది. 1978 జనవరిలో "లా ప్రెన్సా" పత్రిక సంపాదకుడు పెడ్రో హొకీన్ చమొర్రో హత్య జరిగాక జనం ఆగలేదు. 1979 జూలైలో శాండినిస్టా విప్లవకారులు సొమోజాను తరిమేశారు. జనం సంతోషించారు. అయితే విప్లవం వచ్చిన రెండు మూడేళ్ళకే యుద్ధం తిరిగి మొదలయింది. అమెరికా డబ్బు, ఆయుధాలతో "కాంట్రాలు" అనే తిరుగుబాటుదళాలు ఉత్తరాన హోండురాస్ నుంచీ, దక్షిణాన కోస్టారికా నేల నుంచీ దాడులు చేశాయి. శాండినిస్టాలకు సోవియట్, క్యూబా సాయం అందింది. అత్యవసర పరిస్థితి వచ్చింది, పత్రికల మీద కత్తెర వచ్చింది, కుర్రాళ్ళను నిర్బంధంగా సైన్యంలోకి లాక్కుపోయే చట్టం వచ్చింది. 1986లో లా ప్రెన్సా మూతపడింది. పక్కనే ఎల్ సాల్వడార్‌లో, గ్వాటెమాలాలో వేరే అంతర్యుద్ధాలు. పెద్ద ఆంబోతులు రెండు, దూడలు ఐదు. నా సామెత అతికినట్టు సరిపోయేది సరిగ్గా ఇక్కడే.

1983 నుంచి మెక్సికో, వెనెజువేలా, కొలంబియా, పనామా కలిసి "కాంటడోరా" బృందంగా ఏర్పడి రాజీకి ప్రయత్నించాయి. ఎన్ని ఆయుధాలు, ఎంతమంది సలహాదారులు, ఎవరి స్థావరాలు ఎక్కడ అన్న లెక్కల్లో ఆ ప్రయత్నం నానిపోయింది.

1986 మే నెలలో ఆస్కార్ ఆరియస్ కోస్టారికా అధ్యక్షుడయ్యాడు. వయసు నలభై అయిదు. యుద్ధంలోకి దేశాన్ని దిగనివ్వనని చెప్పి ఓట్లడిగినవాడు. ఆయన చేసిన మొదటి పెద్ద పని శాంతి ప్రణాళిక కాదు. దేశానికి వాయవ్య మూల సాంటా ఎలీనా అనే చోట, కాంట్రాలకు సరుకు చేరవెయ్యడానికి రహస్యంగా వేసిన విమానాల దారి ఒకటుంది. ఇంతకుముందు 1983లోనే కోస్టారికా తటస్థ దేశమని ప్రకటించుకొంది. నోటితో తటస్థం, నేల మీద విమానాల దారి! ఆరియస్ ప్రభుత్వం దాన్ని మూయించింది. 1986 సెప్టెంబరులో ఆ సంగతి బయటపెట్టింది. అమెరికాకు కోపం వచ్చింది. ఆ రోజుల్లో కోస్టారికా ఖజానా చాలావరకు అమెరికా సాయం మీదే నడుస్తున్నదని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను, పాఠకులు క్షమించాలి. మాది కాలువ శివారు భూమి, రెండున్నర ఎకరాలు. అటొక మోతుబరి, ఇటొక మోతుబరి; మధ్యలో మేము. ఒకే బోదె ముగ్గురికీ నీళ్ళివ్వాలి. నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో నీటి వంతు మీద ఆ ఇద్దరికీ తగాదా వచ్చి మాటలు లేకుండా పోయాయి. రాత్రిళ్ళు ఒకరు మనుషుల్ని పెట్టి అడ్డుకట్ట వెయ్యడం, తెల్లారేసరికి రెండోవారు తెగ్గొట్టడం. తొక్కుడు పడేది మాత్రం మా ఆకుమడి. ఊళ్ళో పెద్దమనుషులు చెప్పారు, లస్కరు చెప్పాడు, ఎవరి మాటా సాగలేదు. చివరికి వంతుల కాగితం రాసుకొన్నది మా అరుగు మీద. ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. మా గుమ్మం తొక్కితే ఎవరి పరువూ పోదు. కాని దానికి వారం ముందు మా నాన్న ఒక పని చేశాడు. మా గట్టుకి మేమూ ఒక దొంగగండి పెట్టుకొన్నాం. నాన్న పార పట్టుకెళ్ళి, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా దాన్ని పూడ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. మన నీళ్ళు మనమే పోగొట్టుకోవడమేమిటని అడిగితే, "మన చేను మజ్జిన ఉందిరా. ముందు మన గట్టు సరిగ్గా ఉండాలి" అన్నాడు. సాంటా ఎలీనా సంగతి చదివినప్పుడు గాని ఆ మాట నాకు అర్థం కాలేదు.

1987 ఫిబ్రవరి 15న శాన్ హోసేలో ఆరియస్ తన ప్రణాళికను పొరుగు అధ్యక్షుల ముందు పెట్టాడు. నికరాగువాను ఆ సమావేశానికి పిలవలేదు. అది తప్పేనని నాకనిపిస్తుంది. కాని ప్రణాళికలో ఉన్న సరుకు వేరు. కాంటడోరావారు ఎక్కువగా తుపాకులు లెక్కపెట్టారు. ఆరియస్ పత్రికలను, జైళ్ళను, ఎన్నికల తేదీలను లెక్కలోకి తెచ్చాడు. దేశం లోపల ప్రజాస్వామ్యం లేకుండా దేశాల మధ్య శాంతి నిలవదన్నది ఆయన వాదం. కాల్పుల విరమణ, రాజకీయ ఖైదీలకు క్షమాభిక్ష, ప్రతిపక్షాలతో చర్చలు, అత్యవసర పరిస్థితి ఎత్తివేత, పత్రికా స్వేచ్ఛ, స్వేచ్ఛగా ఎన్నికలు, తిరుగుబాటుదళాలకు బయటి సాయం నిలిపివేత, ఒకరి నేల నుంచి ఇంకొకరి మీద దాడి జరగనివ్వకపోవడం – ఇవీ అంశాలు. అన్నీ ఒకేసారి, గడువు పెట్టుకొని మొదలుపెట్టాలి. నువ్వు ముందా నేను ముందా అన్న పేచీకి చోటు లేదు.

ఇంకొక సంగతి నాకు అన్నిటికన్నా తెలివైనదనిపించింది. ఆ కాగితంలో నికరాగువాను ప్రత్యేకంగా దోషిగా నిలబెట్టలేదు. షరతులు ఐదు దేశాలకూ సమానమే. అమెరికా స్నేహితులైన ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురాస్ కూడా అదే పరీక్ష రాయాలి. కనుక నికరాగువా అధ్యక్షుడు డానియెల్ ఒర్టెగా సంతకం పెట్టినా తల వంచినట్టు కాదు. అమెరికా ఇదే కాగితం తెచ్చి ఉంటే ఆయన పెట్టేవాడా? సోవియట్‌వాళ్ళు తెస్తే మిగతా నలుగురూ పెట్టేవాళ్ళా?

ఆగస్టు మొదటివారంలో ఐదుగురు అధ్యక్షులూ గ్వాటెమాలా నగరంలో కలుసుకొన్నారు. సరిగ్గా దానికి ముందు, ఆగస్టు 5న, వాషింగ్టన్ తన సొంత ప్రణాళిక ఒకటి ప్రకటించింది. పెద్దాయన చెప్పాక చిన్నవాళ్ళు నోరు మూసుకొంటారని వాళ్ళు అనుకొని ఉండవచ్చు. జరిగింది వేరు. మన ఇంటి తగాదా మనమే తీర్చుకొందామన్న పట్టుదల ఐదుగురికీ వచ్చింది. 1987 ఆగస్టు 7న ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. చరిత్రలో దీన్ని రెండవ ఎస్కిపులాస్ ఒప్పందం అంటారు. ఆ అక్టోబరులో ఆరియస్‌కు నోబెల్ శాంతి బహుమతి ప్రకటించారు. ఆ బహుమతి చిన్న దేశానికి కవచంలా పనికివచ్చింది. నోబెల్ వచ్చినవాణ్ణి నలుగురిలో కసురుకోవడం ఎంత పెద్దవాడికైనా కష్టమే కదా!

తరువాత జరిగినవి ఒక్కొక్కటిగా చూస్తే, కాగితం ఎలా పని చేస్తుందో తెలుస్తుంది. 1987 అక్టోబరు 1న లా ప్రెన్సా తిరిగి అచ్చయింది. 1988 జనవరిలో నికరాగువా అత్యవసర పరిస్థితిని ఎత్తివేసింది. ఫిబ్రవరి 3న అమెరికా ప్రతినిధుల సభలో కాంట్రాల సాయం బిల్లు 211 – 219 ఓట్లతో వీగిపోయింది. శాంతి ఒప్పందం నడుస్తుండగా తుపాకులు పంపడమేమిటని అడగడానికి అక్కడి ప్రతిపక్షానికి ఒక ఆధారం దొరికింది. మార్చిలో సపోవా అనే సరిహద్దు ఊళ్ళో కాల్పుల విరమణ కుదిరింది. 1989 ఫిబ్రవరిలో అధ్యక్షులు మళ్ళీ కలిసినప్పుడు, 1990 నవంబరులో జరగవలసిన ఎన్నికలను ఫిబ్రవరికి ముందుకు జరపడానికి ఒర్టెగా ఒప్పుకొన్నాడు. ఐక్యరాజ్యసమితి పరిశీలకులను పంపింది. ఒక స్వతంత్ర దేశం సొంత ఎన్నికలను సమితి అలా పరిశీలించడం అదే మొదలు.

1990 ఫిబ్రవరి 25న ఓట్లు పడ్డాయి. పద్నాలుగు పార్టీల కూటమి తరఫున నిలబడిన వియోలెటా చమొర్రోకు సుమారు 55 శాతం, ఒర్టెగాకు 41 శాతం వచ్చాయి. హత్యకు గురైన ఆ సంపాదకుడి భార్యే ఈమె. తుపాకీతో వచ్చిన ప్రభుత్వం ఓటుతో ఓడి, ఏప్రిల్ 25న గద్దె దిగింది. ఎల్ సాల్వడార్‌లో 1992లో, గ్వాటెమాలాలో 1996లో శాంతి ఒప్పందాలు కుదిరాయి.

మొత్తం ఘనత కోస్టారికాదేనా? కాదు. ఒకసారి అతిగా చెప్పి తప్పు చేశాను, రెండోసారి చెయ్యను. నికరాగువాలో వేలాదిమంది చచ్చిపోయారు. కొడుకుల్ని యుద్ధానికి పంపి తల్లులు విసిగిపోయారు. 1988లో ధరల పెరుగుదల ఐదంకెల శాతానికి పోయింది. సోవియట్ సాయం తగ్గుతూ వచ్చింది. అమెరికాలో కాంట్రాల రహస్య నిధుల కుంభకోణం రేగింది. ఈ వేడి లేకపోతే ఆరియస్ కాగితం బీరువాలో ఉండిపోయేది. మా లాబ్ భాషలో చెప్పాలంటే, ఉత్ప్రేరకం జరగని చర్యను జరిపించలేదు. జరగగల చర్యకు అడ్డం ఉన్న గట్టు ఎత్తును తగ్గిస్తుంది. మా అమ్మ పాలల్లో వేసే తోడు సంగతీ అంతే. పాలు గోరువెచ్చగా ఉండాలి. చల్లారినా తోడుకోదు, సలసల కాగుతుంటే విరిగిపోతుంది.

కోస్టారికా చేను మధ్యలో ఉంది కాబట్టి కలగజేసుకొంది, సరే. చేను దూరాన ఉన్నవాళ్ళ మాటేమిటి? దీనికి గ్రీసు ఉదాహరణ ఉంది. 1967 ఏప్రిల్ 21న గ్రీసులో కల్నల్స్ కొందరు అధికారం పట్టుకొన్నారు. పెద్ద దేశాలు గ్రీసు మన సైనిక కూటమిలోనిదే కదా అని చూసీచూడనట్టు ఊరుకొన్నాయి. ఆ సెప్టెంబరులో డెన్మార్క్, నార్వే, స్వీడన్, వారం తరువాత నెదర్లాండ్స్, స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల కమిషన్‌లో గ్రీసు ప్రభుత్వం మీద ఫిర్యాదు వేశాయి. వాళ్ళకు గ్రీసుతో సరిహద్దు లేదు, పాత పగలు లేవు. కమిషన్ సాక్షులను పిలిపించి విన్నది. ఏథెన్స్‌కు పోయి విచారించింది. రాజకీయ ఖైదీలను పోలీసులు చిత్రహింసలు పెట్టడం ఎక్కడో ఒకటి రెండుచోట్ల జరిగిన పొరపాటు కాదనీ, అది అలవాటుగా సాగుతున్నదనీ వెయ్యి పేజీలు మించిన నివేదికలో తేల్చింది. బయటికి గెంటించుకొనేకన్నా మేలనుకొన్నారేమో, 1969 డిసెంబరు 12న గ్రీసు పాలకులు తామే ఐరోపా మండలి నుంచి తప్పుకొన్నారు.

కాని గద్దె మాత్రం దిగలేదు. ఇంకా నాలుగున్నరేళ్ళు కూర్చున్నారు. ఇది చదివినప్పుడు నాకు నిరుత్సాహం కలిగింది. ఆ నాలుగున్నరేళ్ళలోనే, 1973 నవంబరులో, మనలాంటి విద్యార్థులు ఏథెన్స్ పాలిటెక్నిక్‌ను ఆక్రమించుకొని, లాబ్‌లోని సామానుతో రేడియో ప్రసారం కట్టి జనాన్ని పిలిచారు. 17వ తేదీ తెల్లవారుజామున ఒక యుద్ధటాంకు కళాశాల గేటును కూల్చుకొని లోపలికి వచ్చింది. ఆ రోజు కూడా పాలకులు పడిపోలేదు. 1974 జూలైలో సైప్రస్‌లో వేలు పెట్టి, టర్కీ దండెత్తి వస్తే దిక్కుతోచక దిగిపోయారు. అయితే ఎన్నికలు పెట్టిన తేదీ చూడండి: 1974 నవంబరు 17. అదే నెల 28న గ్రీసు తిరిగి ఐరోపా మండలిలో చేరింది. అక్కడికి తిరిగి రావడం అంటే ప్రజాస్వామ్యానికి తిరిగి రావడమే అన్న అర్థం ఆ నాలుగు దేశాల ఫిర్యాదువల్ల ఏర్పడింది. వాళ్ళు పాలకులను దించలేదు, నిజమే. ఇంట్లో దెబ్బలు తింటున్నవాడి మాట అబద్ధం కాదని ముద్ర వేసి రాసిపెట్టారు. జైల్లో ఉన్నవాడికి ఆ కాగితం విలువ ఎంతో నేను ఊహించగలనే గాని తూచలేను.

మళ్ళీ నికరాగువాకు వస్తాను, ఎందుకంటే కథ 1990తో ఆగలేదు. 2006 ఎన్నికలలో గెలిచి 2007లో ఒర్టెగా తిరిగి అధ్యక్షుడయ్యాడు. ఈసారి దిగే ఉద్దేశం కనపడలేదు. 2018 ఏప్రిల్‌లో జనం, ముఖ్యంగా విద్యార్థులు, వీధుల్లోకి వస్తే అణచివేతలో మూడు వందలమందికి పైగా చనిపోయారు. 2021 ఎన్నికలకు ముందు పోటీ చెయ్యదలచిన ఏడుగురిని నిర్బంధించారు. వారిలో వియోలెటా కుమార్తె క్రిస్టియానా కూడా ఉంది. లా ప్రెన్సా భవనాన్ని పట్టుకొన్నారు. ఆ పత్రికవాళ్ళు 2022లో దేశం విడిచిపోయారు. ఐదు దేశాల సంతకాలు ఏమైనట్టు? మా అరుగు మీద రాసిన కాగితం కూడా నాలుగు పంటలే నిలిచింది. ఒక మోతుబరి పొలం చేతులు మారి, కొత్త యజమాని ఆ కాగితం నాది కాదన్నాడు. బోదె మీద ఇప్పుడు మళ్ళీ తగాదా నడుస్తోంది. మా నాన్న మాత్రం గండి తిరిగి తియ్యలేదు.

కోస్టారికాకు ఇప్పుడు పొరుగున ఒప్పందం చేయించేంత పట్టు లేదు. ఆనాటిలా చేతులు కలిపే నలుగురు అధ్యక్షులూ లేరు. తలుపు మాత్రం మూయలేదు. యాభై లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో 2022 నాటికి రెండు లక్షలకు మించి నికరాగువావాళ్ళు ఆశ్రయం కోరారు. అందరికీ పని లేదు, కాగితాలు చేతికి రావడానికి ఏళ్ళు పడుతోంది, స్థానికులలో సణుగుడూ ఉంది. అయినా నికరాగువా వార్తలు రాసే కలాలు, రేపు ఎన్నికలంటూ జరిగితే నిలబడవలసిన మనుషులు చాలామంది అక్కడే ఉన్నారు.

వియోలెటా చమొర్రోను జబ్బు మీదనే 2023లో శాన్ హోసేకు తీసుకువచ్చారు. 2025 జూన్ 14న అక్కడే కన్నుమూసింది. వయసు తొంభై అయిదు. ఆమెను కోస్టారికా నేలలోనే ఉంచామని పిల్లలు ప్రకటించారు. నికరాగువా మళ్ళీ గణతంత్రం అయ్యేదాకా తాత్కాలికంగా మాత్రమే అన్నారు.